మంచం కదలడం లేదు, లోపల ఏదో అదురుతోంది

అనంతపురం నుంచి ఒక ఉపాధ్యాయిని చేత్తో రాసిన నాలుగు పేజీల ఉత్తరం పంపారు. వయసు నలభై ఆరు. పేరు వేయవద్దన్నారు. ఊరికి దగ్గర్లోని ఉన్నత పాఠశాలలో ఉద్యోగం, భర్తకు ఎరువుల దుకాణం, డిగ్రీ చదివే కొడుకు, ఇంట్లో అత్తగారు. ఉత్తరం సారాంశం ఇది.

ఎనిమిది నెలలుగా వారానికి రెండు మూడు సార్లు తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ఆమెకు మెలకువ వస్తోంది. కళ్లు తెరిచేసరికి ఒంట్లో ఏదో అదురుతూ ఉంటుంది. "శబ్దం రాకుండా పెట్టిన ఫోను బల్ల మీద ఎలా అదురుతుందో అలా, రొమ్ము ఎముక వెనక, తొడల్లో" అని రాశారు. ఇల్లు రైలు పట్టాలకు దగ్గర కాబట్టి మొదట్లో గూడ్సు బండి వెళుతోందనుకున్నారు. కానీ మంచం పక్కన చెంబులో నీళ్లు కదలడం లేదు. సంక్రాంతికి ఉరవకొండ దగ్గరి పుట్టింటికి వెళితే అక్కడా వచ్చింది. ఆ పల్లెకు రైలే లేదు. చేతులు చాపి చూసుకుంటే వేళ్లు నిలకడగా ఉంటాయి. భర్తను లేపి చెయ్యి పెట్టి చూడమంటే, చూసి, "ఏమీ లేదు, పడుకో" అన్నారు.

శనివారం రాత్రులు బాధ ఎక్కువ. ఆ రోజు ఆమెకు ఒక్కపొద్దు. అత్తగారు ఇది శని ప్రభావమని నువ్వుల నూనె దీపం పెట్టించి, చేతికి తాడు కట్టించారు. ఒక డాక్టరు ఇ.సి.జి. తీయించి, గుండె బాగుందని, ఆందోళన వల్లే ఇదంతా అని నిద్రమాత్ర రాశారు. నలభై రోజులు వేసుకున్నాక అలవాటైపోతుందేమోనని భయపడి ఆమె ఒక్కసారిగా మానేశారు. ఆ వారమే బాధ రెట్టింపయింది. ఇది మూడు వారాల కిందటి మాట. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా వేసుకుంటారు. రెండేళ్లుగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువైంది. హిమోగ్లోబిన్ 10.8.

చివరి పేజీలో ఉంది అసలు మాట. ఆమె తండ్రి పదకొండేళ్లు పార్కిన్సన్ వ్యాధితో బాధపడి మూడేళ్ల కిందట పోయారు. "నాన్నకు బయట వణుకు కనిపించకముందు లోపల ఇలాగే ఉండేదా? బెంగళూరు వెళ్లి మెదడు స్కాన్ చేయించుకోవాలా? లేక మా ఆయన అన్నట్టు ఇదంతా నా ఊహేనా?"

అమ్మా,

మీరు చివరన అడిగిన ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మొదటి మూడు పేజీలూ ఆ ఒక్క ప్రశ్న అడిగే ధైర్యం కూడగట్టుకోవడానికే రాశారనిపించింది.

పార్కిన్సన్ ఉన్నవారిలో చాలామంది బయటికి కనిపించని వణుకు లోపల తెలుస్తోందని చెబుతారు. ఇది నిజం, మీ దగ్గర దాచను. రాత్రిపూట ఫోనులో మీరు చదివిందీ ఇదే అయి ఉంటుంది. అయితే ఆ వాక్యాన్ని తిరగేసి చదువుకున్నారు. లోపల అదురు ఉన్నవారందరికీ పార్కిన్సన్ ఉందని అందులో ఎక్కడా లేదు. అదురు పుట్టడానికి మామూలు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో కనీసం నాలుగు మీ ఉత్తరంలోనే కనబడుతున్నాయి.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును వర్ణించారు. ఈనాటికీ దీన్ని పట్టుకునేది ముఖ్యంగా డాక్టరు కన్నూ చేయీ. మీ నాన్నగారి గురించి మీరే రాశారు: "అరుగు మీద ఊరకే కూర్చున్నప్పుడు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలుపుతున్నట్టు ఆడేవి. వేరుశనగ కాయలు ఒలవడం మొదలుపెడితే ఆగిపోయేవి." వైద్య గ్రంథాల్లో కూడా ఇంతకంటే బాగా రాయరు. ఆ వణుకు చెయ్యి ఊరకే ఉన్నప్పుడు వస్తుంది, సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది, సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు ఆడుతుంది, కళ్లకు కనిపిస్తుంది. దానితో పాటు కదలికలు నెమ్మదిస్తాయి, నడుస్తుంటే ఒక చెయ్యి ఊగడం తగ్గుతుంది. కొందరికి ఏళ్ల ముందే వాసనలు తెలియకుండా పోతాయి, మలబద్ధకం పట్టుకుంటుంది, కలలో అరుస్తూ కాళ్లు చేతులు విసురుతారు. వీటిలో ఏదైనా మీకుందా అని ఒకసారి నిజాయితీగా చూసుకోండి. ఉంటే డాక్టరుతో చెప్పండి.

ఇంకొక్క మాట. ఈ జబ్బులో రాత చిన్నదవుతుంది. వాక్యం ముందుకు వెళ్లేకొద్దీ అక్షరాలు కుంచించుకుపోతాయి. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చూశాను. నాలుగో పేజీ చివరి వరుసలోని అక్షరాలు మొదటి పేజీ మొదటి వరుసలో ఉన్నంత గుండ్రంగా, అంత పెద్దవిగానే ఉన్నాయి. దీన్నిబట్టి జబ్బు లేదని తేల్చడానికి వీల్లేదు. కానీ నా ఎదురుగా కూర్చుని ఉంటే ఒక కాగితం ఇచ్చి రాయమనేవాడిని. ఆ పని మీరే చేసి పంపారు.

తండ్రికి ఉంటే బిడ్డకు వచ్చి తీరుతుందా అంటే, లేదు. ఈ జబ్బు ఉన్నవారిలో కుటుంబంలో మరొకరికి కూడా ఉన్నవారు నూటికి పది పదిహేను మందే. మీకు వచ్చే అవకాశం ఇతరుల కంటే కొంచెం ఎక్కువన్న మాట నిజమే. ఆ కొంచెం కోసం నరాల డాక్టరుకు ఒకసారి చూపించుకోవడం సబబే. ఆ విషయం తర్వాత చెబుతాను, ఎందుకంటే అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది శనివారం దగ్గర.

ఆ రోజు మధ్యాహ్నం ఒక్కపూట భోజనం, రాత్రికి ఒక గ్లాసు పాలు, అరటిపండు అని రాశారు. మాత్ర మాత్రం రెండు పూటలా మానలేదని, ఎంతో క్రమశిక్షణగా, గర్వంగా కూడా రాశారు. అమ్మా, చిక్కు అక్కడే ఉండవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. అది క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు అన్నం తిన్నారో పస్తున్నారో దానికి తెలియదు. కడుపు ఖాళీగా ఉన్న రాత్రి అది తన పని తాను చేసుకుపోతే అర్ధరాత్రి దాటాక షుగర్ పడిపోతుంది. అప్పుడు శరీరం ప్రమాదాన్ని పసిగట్టి అడ్రినలిన్ వదులుతుంది. దానితో లోపల వణుకు, గుండె దడ, చెమట, ఉలిక్కిపడి మెలకువ. "లేచేసరికి జాకెట్టు మెడ దగ్గర తడిసి ఉంటుంది, ఎండాకాలం కదా అనుకున్నాను" అని రెండో పేజీలో ఒక్క మాట రాసి వదిలేశారు. కానీ మీకు ఈ బాధ సంక్రాంతికీ వచ్చింది. సంక్రాంతినాటి తెల్లవారుజామున అనంతపురం పల్లెల్లో ఎవరికీ ఎండకు చెమట పట్టదు.

ఇదే కారణమని ఇక్కడ కూర్చుని ఒట్టు పెట్టలేను. తేల్చుకోవడం మాత్రం తేలిక. షుగర్ చూసే మీటరు మీ ఇంట్లో ఉందన్నారు. దాన్ని బీరువాలోంచి తీసి దిండు పక్కన పెట్టుకోండి. ఏ రాత్రి మెలకువ వచ్చి అదురు తెలిసినా ముందు వేలు పొడిచి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ 70 దాటకపోతే మరోసారి తాగండి. పెరిగాక నాలుగు బిస్కెట్లో కాస్త అన్నమో తిని పడుకోండి. తగ్గిన షుగర్‌ను సంగటి ముద్దతో లేపాలని చూడకండి, అది నెమ్మదిగా అరుగుతుంది. అంకె 110, 120 వచ్చిందనుకోండి, ఆ రాత్రి అదురుకు షుగర్ కారణం కాదని తేలుతుంది. అదీ విలువైన సమాచారమే. తేదీ, సమయం, అంకె ఒక నోటు పుస్తకంలో రాయండి.

వచ్చే శనివారం దాకా ఆగకుండా, ఈలోపే షుగర్ డాక్టరును కలిసి ఒక్కపొద్దు సంగతి చెప్పండి. ఆరేళ్లలో ఆయన అడగలేదు, మీరు చెప్పలేదు. మన దగ్గర ఇది మామూలుగా జరిగేదే. ఉపవాసం ఉన్న రోజు మోతాదు తగ్గించవచ్చు, లేదా షుగర్ పడిపోనివ్వని వేరే మందుకు మార్చవచ్చు. అది ఆయన నిర్ణయం. మీ అంతట మీరు మాత్ర మానేస్తే షుగర్ పెరిగి మరో తంటా వస్తుంది. ఆయనతో మాట్లాడేదాకా శనివారం కూడా రాత్రి భోజనం చేయండి. ఒక్కపొద్దు శాశ్వతంగా వదులుకోమని నేను చెప్పను. అమ్మ నేర్పిన వ్రతం అన్నారు. వ్రతమూ మందూ ఒకదానికొకటి తెలిసేలా సర్దుకోవాలి, అంతే.

శనివారం కాని రాత్రుల కథ వేరేలా ఉంది. ఆ రాత్రుల్లో చెమట మాట లేదు. తొడల్లో, పిక్కల్లో అదురు ఎక్కువని, లేచి వరండాలో పది అడుగులు వేస్తే హాయిగా ఉంటుందని, పడుకుంటే మళ్లీ మొదలని రాశారు. ఇది కాళ్లు నిలవనివ్వని బాధ. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు ఎక్‌బోమ్ దీన్ని వివరంగా రాశారు. ఇనుము తక్కువైనవారిలో ఇది ఎక్కువ. మీ హిమోగ్లోబిన్ 10.8 చూసి "ఆడవాళ్లకు మామూలే" అన్నారట. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తగ్గితే రక్తహీనతేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ఇళ్లలో సగం మంది ఆడవాళ్లకు ఉన్నంత మాత్రాన అది ఆరోగ్యమైపోదు.

ఫెరిటిన్ పరీక్ష చేయించుకోండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది అదే. కాళ్ల బాధ ఉన్నవారికి ఆ అంకె 75 దాకా ఉన్నా ఇనుము ఇచ్చి చూస్తారు. నిల్వ తగ్గి ఉంటే రాగులూ బెల్లమూ తింటే సరిపోదు, మాత్రలు కొన్ని నెలలు కావాలి. వాటిని టీతో వేసుకోకండి, నిమ్మరసం మంచిది. అసలు రక్తం ఎందుకు పోతోందో స్త్రీల వైద్యురాలికి చూపించుకోండి. కన్నం పూడ్చకుండా కుండ నింపలేం. రాత్రి తొమ్మిదికి పేపర్లు దిద్దుతూ తాగే టీ కూడా మానాలి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. మీ లెక్కన అర్ధరాత్రి రెండింటికి సగం టీ ఇంకా మీ ఒంట్లోనే ఉంటుంది.

అదే రక్తంతో బి12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. మీరు శాకాహారులు కూడా. అది తగ్గితే నరాలు రకరకాలుగా చెబుతాయి: తిమ్మిరి, మంట, జివ్వుమనడం, అదురు. ఒక జాగ్రత్త. మందుల దుకాణంలో బలం సూది వేయించుకుని ఆ తర్వాత పరీక్షకు వెళ్లకండి. అంకె బాగున్నట్టు చూపించి మోసం చేస్తుంది. ముందు రక్తం ఇవ్వండి, తర్వాతే సూది. ఇక నలభై ఆరేళ్లు అంటే మన దేశంలో చాలామంది స్త్రీలకు నెలసరి ఆగే వయసు. హార్మోన్లు ఎగుడుదిగుడయ్యే ఈ కాలంలోనూ రాత్రి ఒంట్లోంచి సెగ వచ్చి, దడతో, లోపలి వణుకుతో మెలకువ రావడం ఉంటుంది.

నిద్రమాత్ర గురించి మిమ్మల్ని మీరు నిందించుకుంటూ రాశారు. వేసుకోవడం తప్పు కాదు. ఆపిన తీరే ఇబ్బంది తెచ్చింది. ఆ రకం మాత్రలు కొన్ని వారాలు వాడి ఒక్కసారిగా ఆపితే నరాలు ఎదురు తిరుగుతాయి. నిద్ర పట్టదు, ఒళ్లు వణుకుతుంది, ఆందోళన రెట్టింపవుతుంది. మీరు జబ్బు ముదిరిందనుకున్న వారం అదే. మూడు వారాలైంది కాబట్టి ఆ భాగం ఇప్పటికే తగ్గుముఖం పట్టి ఉండాలి. మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. ఇబ్బంది ఇంకా ఎక్కువగా ఉంటే రాసిన డాక్టరు దగ్గరకే వెళ్లి, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ మానే పద్ధతి అడగండి.

ఇదంతా ఊహేనా అని అడిగారు. కాదు. మనందరి కండరాలూ సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు సన్నగా కంపిస్తూనే ఉంటాయి. పగటి సందడిలో తెలియదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ నెత్తుటి తోపుకు ఒళ్లంతా వెంట్రుకవాసి కదులుతుంది. 1930ల చివర్లో అమెరికా వైద్యుడు ఐజాక్ స్టార్ మనిషిని వేలాడే బల్ల మీద పడుకోబెట్టి ఆ కదలికను గీతలుగా గీయించారు. అలసట, భయం, అడ్రినలిన్ కలిస్తే ఈ మామూలు కదలికలే పెద్దవవుతాయి, చీకట్లో మనసు వాటినే పట్టుకుంటుంది. నేను కర్నూలు పెద్దాసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు మూడు రాత్రులు వరుసగా డ్యూటీ చేసి పడుకుంటే మంచం కింద మోటారు తిరుగుతున్నట్టుండేది. ఒకరోజు వంగి మంచం కిందికి చూశాను కూడా. ఈసారి అదురు వచ్చినప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. అదురు నాడితో కలిసి నడుస్తుంటే మీకు తెలుస్తున్నది మీ గుండే. లెక్కపెట్టలేనంత వేగంగా ఉంటే కండరాలదో నరాలదో. అదీ నోటు పుస్తకంలో రాయండి.

ఇప్పుడు బెంగళూరు సంగతి. మీ ముందు దారులు కొన్ని ఉన్నాయి.

నేరుగా వెళ్లి స్కాన్ తీయించుకోవచ్చు. వేల రూపాయలు, రెండు రోజుల సెలవు పోతాయి. అంతకంటే ముఖ్యమైన ఇబ్బంది ఏమిటంటే, పార్కిన్సన్ మొదటి దశలో మామూలు ఎం.ఆర్.ఐ. చాలావరకు బాగున్నట్టే వస్తుంది. కాబట్టి బాగుందన్న కాగితం మీ భయానికి పూర్తి జవాబు కాదు. వారం నిశ్చింతగా ఉండి మళ్లీ వెతకడం మొదలుపెడతారు. పైగా వయసుతో వచ్చే చిన్న మచ్చ ఏదో కనబడిందనుకోండి, దాని పేరు పట్టుకుని కొత్త భయం.

స్కాన్ మాట పక్కనపెట్టి నరాల డాక్టరుకు చూపించుకోవచ్చు. ఆయన మిమ్మల్ని నడిపించి, వేళ్లు తట్టించి, చేయి వంచి బిగుతు చూసి, రాయించి చూస్తారు. మీ ప్రశ్నకు స్కాన్ కంటే ఆ అరగంట ఎక్కువ జవాబిస్తుంది. కర్నూలు పెద్దాసుపత్రిలో, తిరుపతి స్విమ్స్‌లో నరాల విభాగాలున్నాయి, బెంగళూరు నిమ్హాన్స్ సరేసరి. నాన్నగారి జబ్బును దగ్గరుండి చూసిన మనిషికి ఆ భరోసా అవసరమే, వెళ్లడం పిరికితనం కాదు.

లేదా ముందు ఊళ్లోనే రక్త పరీక్షలు, మీటరు, నోటు పుస్తకం ఒక నెల నడిపి, తేలినదాన్ని సరిచేసి, మిగిలినదానికి నరాల డాక్టరును కలవవచ్చు. నాకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఆ పుస్తకం చేతిలో ఉంటే ఏ డాక్టరైనా మిమ్మల్ని తొందరగా పంపించేయలేరు. కానీ ఆ నెల అంతా నాన్నగారి చెయ్యే కళ్ల ముందు ఆడుతుంటే ఆగకండి, రెండూ ఒకేసారి చేసుకోండి. చేతులు ముడుచుకుని కూర్చోవడం ఒక్కటే నాకు ఇష్టం లేదు. నిద్రలో పడిపోయే షుగర్ ఏదో ఒక రాత్రి స్పృహ తప్పించగలదు.

ఇవి కనిపిస్తే నెల, వారం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి: స్పృహ తప్పడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, ఛాతీలో నొప్పి, నిద్రలో నాలుక కరుచుకోవడం. గురక పెడుతున్నారేమో, మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటోందేమో మీ ఆయనను గమనించమనండి. నిద్రలో శ్వాస ఆగి ఆగి ఆడేవారికీ ఇలాంటి మెలకువలుంటాయి.

మీ ఆయన గురించి రెండు వరుసలే రాశారు కానీ రెండోదాన్ని కొట్టేశారు. కొట్టేసిన గీత కింద "ఇక చెప్పను" అన్నది కనబడుతూనే ఉంది. చెప్పండమ్మా. ఆయన చేతికి అదురు తెలియదు, అది బయటికి రానే రాదు. చెయ్యి పెట్టి చూడమని అడిగినంతకాలం ఆయన "ఏమీ లేదు" అనే చెబుతారు, అబద్ధమూ కాదు. ఇంకోటి అడగండి. మూడింటికి లేపినప్పుడు లైటు వేసి స్ట్రిప్పు తీసి ఇవ్వమనండి, అంకె చదివి పుస్తకంలో రాయమనండి. షుగర్ తగ్గిన మనిషి చేతులకు ఆ సమయంలో పక్కన ఇంకొకరు కావాలి కూడా. నాన్నగారి జబ్బు మీకూ వస్తుందేమోనన్న భయం ఆయనతో ఎప్పుడైనా పైకి అన్నారా? ఉత్తరాన్నిబట్టి అనలేదనుకుంటున్నాను. పగటిపూట, దుకాణం మూసి వచ్చి అన్నం తిన్నాక, ఒకసారి చెప్పి చూడండి.

అత్తగారు కట్టిన తాడు చేతికి ఉండనివ్వండి. ఆమె శనివారాన్ని గమనించారు, ఇంట్లో ఇంకెవరూ గమనించలేదు. షుగర్ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వీలైతే ఆమెనూ వెంట తీసుకెళ్లండి. ఏ రాత్రి ఎలా ఉందో మీకంటే ఆమెకే బాగా గుర్తుండవచ్చు.

మొదటి పది రాత్రుల అంకెలు నాకు రాసి పంపండి, ఏది శనివారమో పక్కన గుర్తు పెట్టి.